పద్దెనిమిది తప్పులు

ఆ ఏడు హనోయి నుంచి మాట దిగింది: ప్రణాళికలు దెబ్బతిన్నాయి, ప్రతి పార్టీ శాఖా జనం ముందు ఆత్మవిమర్శ చేసుకోవాలి. జిల్లా కమిటీ అలవాటు కొద్దీ దానికో లెక్క జోడించింది. శాఖకు పన్నెండు తప్పులు, నెలాఖరుకల్లా.

ఊరి శాఖ తరఫున సహకార సంఘం ఛైర్మన్ ఖాంగ్ కూడా అలవాటు కొద్దీ పద్దెనిమిది ఇస్తామని ఒప్పుకుని వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా వడ్లయినా, పందులయినా అతను ఉన్నదానికి సగం కలిపే చెప్పేవాడు. తీరా రాయబోతే పదకొండు దగ్గర కలం ఆగింది. కార్యదర్శి సైకిలు మీద పక్క ఊరి సంఘానికి వెళ్ళి ఏడు తప్పులు అరువు తెచ్చాడు. తనిఖీలప్పుడు పందుల్ని తెచ్చేదీ అక్కడినుంచే.

నిజానికి ఖాంగ్ దగ్గర సొంతది ఇంకొకటి ఉంది. రాయడానికే చెయ్యి రాలేదు. ఏడేళ్ళ కింద, అన్నీ ఉమ్మడి చేసెయ్యాలన్న ఊపులో, పక్కింటి మూయ్ పిన్ని బాతుల్ని తనే తోలుకెళ్ళాడు. ఉమ్మడి దొడ్లో మేత ఎవరు వెయ్యాలో తేల్చడానికి మూడు సమావేశాలు పట్టింది. బాతులు రెండో సమావేశం దాకా ఆగాయి. అప్పటినుంచి ఆమె అతనితో మాట్లాడదు. కాలవ గట్టున ఎదురుపడితే ఆకాశంలో ఏదో వెతుక్కుంటుంది. జిల్లావాళ్ళ చీవాట్లు అతను ఇంటికి చేరేలోపే మరిచిపోగలడు. పక్కకి తిరిగిన ఆ ముఖాన్ని మాత్రం మరవలేకపోయాడు. ఒక్కసారి తిట్టినా చాలనుకునేవాడు.

సమావేశానికి జిల్లా కమిటీ మనిషి థుక్ వచ్చి రాసుకుంటున్నాడు. సభ్యులు ఒక్కొక్కరే తప్పులు చదివారు. ఒకాయన విశ్రాంతి ఎరగకుండా పనిచేశాడట. ఇంకొకాయన పార్టీని మోతాదు మించి ప్రేమించాడట. తర్వాత ఖాంగ్ లేచి సంఘం తప్పులు మొదలుపెట్టి, పదమూడోదానికి వచ్చాడు. చేపల చెరువును నిర్లక్ష్యం చేశామని చదివాడు.

వెనక బల్ల మీద తమలపాకు నములుతున్న మూయ్ పిన్ని పక్కామె వైపు తిరిగింది.

"మనూళ్ళో చెరువెక్కడుందే?"

జనం నవ్వారు. ఖాంగ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చెరువు లేదు. బాతులుండేవి. మూయ్ పిన్నివి, నలభై. వద్దు మొర్రో అంటున్నా నేనే తోలుకెళ్ళాను. ఆకలికి చచ్చాయి."

ఎవరూ నవ్వలేదు. థుక్ కలం గాల్లో ఆగింది. తన జాబితాలో బాతుల వరస లేదు.

"కాగితం మీద పద్దెనిమిదీ నిండాయి కదా కామ్రేడ్," అన్నాడు నెమ్మదిగా. "చెరువు లేదన్న సంగతి నేను వినలేదు. ఈ బాతుల్ని వచ్చే మూడు నెలల లెక్కలో చూపించుకోండి."

ఖాంగ్ అతని వైపు చూడటం లేదు. వెనక బల్ల దగ్గర మూయ్ పిన్ని లేచి నిలబడింది. ఆకాశం వైపు కాదు, సూటిగా అతని ముఖంలోకే చూసింది.

"నలభై కాదురా, నలభై మూడు. కనీసం చేసిన తప్పయినా సరిగ్గా చెప్పి ఏడువు."

ఉన్నదానికి తక్కువ చెప్పడం అతనికి జన్మలో అదే మొదలు.

"నలభై మూడే పిన్నీ," అన్నాడు.