బోర్లించిన తట్ట

నాకు అనుమానం ఎక్కువ. పప్పులో ఉప్పు నేనే వేసి, మళ్లీ ఎవరైనా వేశారేమోనని రుచి చూసే రకం. పైగా వంటవాణ్ణి. దీవిలో ఒక జింకపిల్ల కనబడకపోతే అందరూ ముందు తొంగిచూసేది నా గిన్నెలోకే.

అది అబుదాబికి పడమట, చుట్టూ మడచెట్లు అల్లుకున్న చిన్న దీవి. లోపల మా కఫీల్, అంటే మాకు వీసాలిచ్చిన అరబ్బు యజమాని, తుమ్మచెట్లు నాటించి జింకలను వదిలాడు. ఎనభై ఒకటిలో ఆ చెట్లకు నీళ్లు పెట్టే పదకొండు మందికి వంట చేయడానికి రాజోలు నుంచి వెళ్లాను. ఆ ఫిబ్రవరిలో పది రోజుల్లో మూడు జింకపిల్లలు మాయమయ్యాయి. మా ముదీర్, అదే మేనేజరు, ఖాదర్ హుస్సేన్ అందరినీ వరసగా నిలబెట్టాడు. ఈ దీవిలో మాంసం తినేది మనుషులేనని, దొంగ దొరికితే వీసా రద్దు చేసి ఊరికి పంపిస్తానని చెప్పాడు. చెప్పినంతసేపూ నా వంకే చూశాడు.

అప్పుడే నా కళ్లు ఆ పదకొండు మందిలో ఒకడైన లింబాద్రి మీద పడ్డాయి. నిర్మల్ అవతల అడవి అంచు పల్లె అతనిది. కుందేళ్లకు ఉచ్చులు పెట్టిన ముచ్చట్లు భోజనాల దగ్గర తనే చెప్పాడు. మధ్యాహ్నం అందరూ నడుం వాలిస్తే తనొక్కడే మడచెట్ల వైపు నడిచేవాడు. నాకింకేం కావాలి?

ఒక పొద్దున పుల్లల కోసం వెళ్తుంటే అతను మడచెట్లలోంచి బయటికొచ్చి గబగబా పంపు వైపు పోవడం చూశాను. అతను వచ్చిన చోట, తడి ఇసుక మీద, మట్టి మోసే తట్ట బోర్లించి ఉంది. పైన బరువుకు రాయి. జింక తోలు పాతిపెట్టాడని తేల్చుకున్నాను. తట్ట పక్కకు నెట్టి రెండు చేతులతో మోచేతి లోతు తవ్వాను. ఇసుక తప్ప ఏమీ లేదు. మళ్లీ బోర్లించి, రాయి పెట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చేశాను.

అరగంటకు లింబాద్రి ముదీర్‌ను వెంటబెట్టుకొచ్చాడు. మేమందరం పోగయ్యాం.

"ఈ అడుగు కుక్కది కాదు సార్, గోరు గుర్తు పడలే. మా దిక్కు అడుగు కనబడితే గంప బోర్లిస్తం. పెద్దమనుషులు వచ్చి చూసేదాంక ఎవ్వలు ముట్టరు."

లింబాద్రి సంబరంగా తట్ట ఎత్తాడు. కింద కెలికిన ఇసుకే, అడుగు లేదు. అతను మోకాళ్ల మీద కూలబడి చుట్టూ వెతికాడు. మిగతా అడుగులు పోటు నీటికి ఎప్పుడో కొట్టుకుపోయాయి. అబద్ధం ఆడటానికీ తెలివుండాలన్నాడు ముదీర్. ఖలాస్, సాయంత్రం పడవకు సామాను కట్టుకోమన్నాడు. నా గోళ్లలో ఇసుక ఉంది. చేతులు లుంగీలో దాచుకున్నాను.

మధ్యాహ్నం వంట మీద మనసు నిలవక మడచెట్లలోకి వెళ్లాను. అప్పటికీ అనుమానమే. ఒక్క ఎముకైనా దొరికితే నేను చేసింది తప్పు కాదని సర్దుకోవచ్చు. పోటు తగ్గి నీరు బాగా వెనక్కి తీసి ఉంది. చెట్ల వేళ్ల మధ్య అది నిలబడింది. ఊరకుక్కంత ఎత్తు, ఇసుక రంగు ఒళ్లు, చెవుల కొసల్లో నల్లటి కుచ్చులు. జింకపిల్లను మెడ దగ్గర కరుచుకుని ఉంది. నన్ను చూసింది, బెదరలేదు. మోకాలి లోతు నీళ్లలోకి దిగి అవతలి ఒడ్డుకు తీరిగ్గా నడిచిపోయింది. దాని పేరేమిటో ఇప్పటికీ తెలియదు. అంత అందమైన జంతువును మళ్లీ చూడలేదు. చూసినంతసేపూ సిగ్గుపడ్డాను.

పరుగున వెళ్లి ముదీర్‌కు చెప్పాను. పొద్దున ఒకడు, ఇప్పుడు ఇంకొకడు, ఇద్దరూ కలిసే తిన్నారా అని అడిగాడు. పడవలో ఇంకొకడికి చోటుందని కూడా అన్నాడు. తవ్వింది నేనేనన్న మాట గొంతుదాకా వచ్చింది. మింగేశాను.

రేవులో లింబాద్రికి మాత్రం అంతా చెప్పాను, చూసిందీ తవ్విందీ. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. అతను పెట్టె కింద పెట్టాడు.

"తవ్వింది నువ్వేనని ముదీరుకు చెప్పినవా?"

లేదన్నాను.

"మరి నాకెందుకు చెప్తున్నవే, అన్నా?"

పెట్టె భుజానికెత్తుకుని పడవెక్కాడు.