సినిమా గుర్రం మీద ఎల్లవ్వ

దాజీ పేట్‌ టాకీసులో మధ్యాహ్నం ఆట ఇంటర్వెల్ బెల్లు మోగగానే, వీధిలో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు పక్కకు లాక్కుని గుర్రానికి దారి ఇచ్చేవాళ్లు. టాకీసులో ఆడే ఇంగ్లీషు సినిమాలోని గుర్రం తెర దిగి వచ్చి, వీధి నల్లా దగ్గర నీళ్లు తాగి, మళ్లీ పోయి తెర ఎక్కేది. అదేదో పూర్వం దొరల దేశంలో చెప్పుకున్న కథట. ఇనుప అంగీ తొడుక్కున్న సర్దారు, మంత్రగాడు రాయిగా మార్చిన రాణిని విడిపించడానికి పోతుంటాడు. సినిమాలో రంగుల్లేవు గనక గుర్రమూ బూడిద రంగే.

ఆ శ్రావణంలో రెండు రోజులు వాన ఆగలేదు. చంద్రభాగ కోడలు విమలకు పొద్దున మొదలైన నొప్పులు మధ్యాహ్నానికి ముదిరాయి. బిడ్డ అడ్డం తిరిగింది. దాన్ని సరిచేయగలిగేది మంత్రసాని ఎల్లవ్వ ఒక్కతే. ఆమె ఇల్లు నాలా అవతల. నాలాలో మొలలోతు నీళ్లు. ఏ టాంగావాడూ రానన్నాడు.

"అత్తమ్మా, మొదటి ఇద్దరు పిల్లల లెక్కనే ఇది కూడ పోతదా?" అంది విమల.

చంద్రభాగ వానలోకి ఉరికింది. తడుస్తూ పోయి, నీళ్లు తాగుతున్న గుర్రం కళ్లెం పట్టుకుని టాకీసులోకి నడిపించింది. తెర మీద సర్దారు బండ మీద కూర్చుని ఎదురు చూస్తున్నాడు.

"సర్దారు సాబ్, నీ గుర్రం జర నాకియ్యి. నా కోడలి పానం మీదికొచ్చింది."

పైనుంచి ఆపరేటర్ వాసుదేవ్ అరిచాడు. "అక్కా, గుర్రం లేకుంటే ఆట ఎట్ల నడుస్తది? రాణి రాయి లెక్కనే ఉంటది!"

"ఎన్నేండ్ల సంది ఉన్నదో, ఇంకో గంట ఉంటే ఏమైతది?" అన్నాడు ముందు బెంచీలో కూర్చున్న మగ్గాల మల్లేశం. "మేం కూసుంటం. నువ్వు పో పెద్దమ్మా!"

సర్దారుకు తెలుగు రాదు. చంద్రభాగ మొహం చూసి, పొమ్మని చెయ్యి ఊపాడు.

యాభై దాటిన చంద్రభాగ గుర్రాన్ని బయటికి నడిపించి, గోచీ బిగించి నల్లా గద్దె మీంచి ఎక్కింది. ఎక్కగానే ఆమె ఎర్రచీర బూడిద రంగుకు తిరిగింది. గుర్రం పొట్టదాకా మునిగి నాలా దాటింది. తిరుగు ప్రయాణంలో ఎల్లవ్వ ఆమె నడుము గట్టిగా కరుచుకుంది.

"కాన్పు సంగతి తర్వాత, ముందు నన్ను బతకనియ్యే!" అని దారి పొడుగునా మొత్తుకుంది.

గుమ్మం ముందు ఇద్దరూ దిగారు. చీరల రంగులు తిరిగొచ్చాయి. గుర్రం దాని దారిన టాకీసుకు పోయింది.

లోపల చాలాసేపు ఎల్లవ్వ గొంతు, విమల మూలుగు తప్ప ఏమీ లేదు. తర్వాత సన్నని ఏడుపు, ఆ వెంటనే గట్టి ఏడుపు.

"ఆడపిల్ల! మంచిగున్నది!"

చంద్రభాగ గడప మీదే కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, నవ్వింది.

"అత్తమ్మా," లోపల్నుంచి విమల నీరసంగా పిలిచింది. "ఆకలైతున్నది."

"ఆఁ, వస్తున్న బిడ్డా," అంటూ చంద్రభాగ పొయ్యి ముట్టించడానికి లేచింది.