రెండు తాళాల బోను

మామగారు మంచం మీద లేరు. వాకిలి గడియ తీసి ఉంది. కుట్టుమిషను మీద జాకెట్టును సగంలో వదిలేసి కోడలు వీధిలోకి పరిగెత్తింది.

పోయిన నెలే ఇదే వీధిలో ఓ పంది ఆయన్ను కుమ్మి కింద పడేసింది. అప్పట్నుంచీ గేటు చప్పుడైతే చాలు, హడలిపోయి మంచం కింద దూరుతున్నాడు. పెద్దాయన కొడుకు పేరు కూడా మరిచిపోయాడు గాని, పాపం, ఆ భయం మాత్రం మరిచిపోలేదు.

ఇక కాలనీ సంగతి చెప్పకపోవడమే మేలు. పందుల్ని పట్టించాల్సిందేనని రిటైరైన హెడ్మాస్టరు వర్గం, వాటి జోలికొస్తే ఊరుకోమని మందులషాపావిడ వర్గం. ఎన్ని మీటింగులు పెట్టినా కుర్చీలు విరగడం తప్ప ఒరిగిందేమీ లేదు. చివరికి పార్కు వెనక ఇనప బోను పెట్టారు. లోపల పలక తొక్కితే తలుపు పడిపోతుంది. పంది బెదరకుండా చుట్టూ గోనెపట్టాలు కప్పారు. పడ్డదాన్ని వీళ్లు చంపించేస్తారేమోనని వాళ్లకి, వాళ్లు వదిలేస్తారేమోనని వీళ్లకి ఒకటే అనుమానం. అందుకని తలుపు పడగానే చెరో తాళం వెయ్యాలని ఒప్పందం. ఏం తెలివండీ!

కోడలు వెళ్లేసరికి బోను చుట్టూ జనం. తలుపు పడి ఉంది. తాళాలు రెండూ వేసి ఉన్నాయి.

"ముందు చూసింది నేను!" హెడ్మాస్టరు గొంతు చించుకుంటున్నాడు.

"అయితే ఏంటంట? నా తాళం తీయకుండా తీసుకెళ్లండి చూద్దాం!" అంటోంది మందులషాపావిడ.

"మా మామయ్యగారు ఇటేమైనా వచ్చారా అండీ?" కోడలు ఒక్కొక్కరినీ అడిగింది.

"ఉండమ్మా, ఇక్కడ పంది పడిందంటే మధ్యలో నీ గోలేంటి!" అని కసిరాడు హెడ్మాస్టరు.

ఆయన పక్కనున్న ప్లంబరు ఇనపచువ్వ ఎత్తాడు. "కదలట్లేదు సార్. ఓ పోటు పొడిస్తే తెలుస్తుంది, బతికుందో లేదో."

అప్పుడు లోపల్నుంచి చిన్న దగ్గు వినపడింది. గోడ అవతల్నుంచి కోడలు రోజూ తెల్లారి వినే దగ్గే.

"పొడవకు! మా మామయ్య!" ఒక్క ఉదుటున చువ్వ లాగేసి, గోనెపట్టా పైకెత్తింది. లోపల నల్లదుప్పటి కప్పుకుని, మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుని ఉన్నాడాయన.

"తాళాలేసేటప్పుడు లోపలికి చూడలేదా ఇద్దరూ?"

ఎక్కడ చూస్తారు! ఇద్దరి కళ్లూ ఒకరి చేతుల మీద ఒకరివి. ఇప్పుడు కూడా తాళంచెవి పట్టుకుని, అవతలివాళ్లు ముందు తీస్తారేమోనని ఒక్క క్షణం ఆగారు.

"తియ్యండి!" అని కోడలు అరిచిన అరుపుకి ఇద్దరూ ఒకేసారి వంగారు.

తలుపు లేచింది. ఆయన మాత్రం కదల్లేదు.

"ఇంటికి పోదాం, రండి మామయ్యా."

ఆయన ఆమె మణికట్టు పట్టుకుని లోపలికి లాగాడు.

"తలుపెయ్యమ్మా, తొందరగా. ఇందులోకైతే అవి రాలేవు. బయటే ఉన్నాయింకా. పొద్దుట్నుంచీ ఒకటే అరుపులు, నీకు వినపడట్లా?"

కోడలు బయట మూగిన జనం వైపు చూసింది.

"వినపడుతున్నాయి మామయ్యా," అంటూ కోడలు ఏడుపు ఆపుకోలేక ఆయన పక్కనే చతికిలపడింది.