కొలతకి మనిషి

"నీలం జాకెట్ పెట్టావా?" అన్నాడు భర్త, మంచం మీంచి లేవకుండానే.

పెట్టింది. పదకొండేళ్లుగా పెడుతూనే ఉంది. గుడ్లు ఉడికించింది, రొట్టెముక్కలకి వెన్న రాసి కాగితంలో చుట్టింది, అయిదు సీసాల నీళ్లు నింపింది. మూడు తన సంచిలో, రెండు ఆయన సంచిలో. ఆయన సంచిలో కెమెరా ఉంటుంది మరి, అది బరువు కదా. నడుంనొప్పి మాత్రలు, టోపీ, కళ్లజోడు తుడుచుకునే గుడ్డ, ఆయన ఎలాగూ మర్చిపోయే చార్జరు, అన్నీ అయ్యాక పై జేబులో ఆ జాకెట్. ఇద్దరూ సెలవు మీదే వచ్చారు. కానీ సెలవు ఆఫీసుకే తప్ప వంటింటికి కాదని గెస్ట్‌హౌస్ గదిలో ఉన్న కరెంటు కెటిల్ ఆమెకి మొదటిరోజే చెప్పేసింది. గుడ్లు ఉడికింది దాన్లోనే.

ఆయన వారమంతా బీమా ఆఫీసులో మేనేజరు, సెలవొస్తే ఫొటోగ్రాఫరు. ఎడారిలో ఎర్రరాతి లోయలంటే ప్రాణం. ఆ లోయల గోడలు ఎంత ఎత్తో ఫొటో చూసేవాళ్లకి తెలియాలంటే పక్కన ఒక మనిషి నిలబడాలట. "కొలతకి మనిషి కావాలి. నీలం అయితే ఎర్రరాయి మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది" అని మొదటి ప్రయాణంలోనే ఆ జాకెట్ కొనిపెట్టాడు. ఆరోజు ఆమె ఎంత మురిసిపోయిందని! ఆయన తనకి రంగు చూసి, కొలత చూసి కొన్న మొదటి బట్ట అది. నిలబడమన్న చోట నిలబడి, నవ్వుతూ ఆయన వైపు చూసింది. "అబ్బ, ఇటు కాదు. అటు తిరుగు. మొహం అక్కర్లేదు" అన్నాడు. అప్పట్నించీ అటే తిరుగుతోంది.

కూతురు ఒకసారి ఆల్బమ్‌లు నాలుగూ తిరగేసి, "అదేంటమ్మా, ఇన్ని ఫొటోల్లో ఉన్నావు, ఒక్కదాంట్లోనూ నీ మొహం లేదు?" అంది. ఆమె నవ్వేసి ఆల్బమ్‌లు మళ్లీ బీరువాలో సర్దేసింది. అత్తగారు మాత్రం, "అదృష్టవంతురాలివి, నిన్ను వెంటేసుకుని ఊళ్లు తిప్పుతున్నాడు. మీ మామగారు నన్ను వీధి చివరిదాకా అయినా తీసుకెళ్లారా?" అంటుంది. అది కూడా నిజమే. ఆమె ప్రతిసారీ వెళ్లి కాఫీ కలిపి తెస్తుంది.

ఆమె ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. పొద్దున్నించి సాయంత్రందాకా మైక్రోస్కోపు ముందు కూచుని రక్తం చుక్కలు చూడటమే పని. తేడాగా ఉన్న కణం కంటబడితే దాని ఫొటో తీసి, గుర్తుపెట్టి పంపిస్తే, పై అంతస్తులో డాక్టరుగారు సంతకం పెడతారు. రిపోర్టులో ఉండేది ఆయన పేరే. ఆ ఫొటో మూల ఒక చిన్న గీత ఉంటుంది, కణం ఎంతుందో తెలియడానికి. ఆ గీతని ఎవరూ చూడరు. నిన్న మధ్యాహ్నం వరకూ ఆమెకి ఆ గీతా తానూ ఒకటేనన్న ఆలోచన రాలేదు.

నిన్న జరిగింది ఇదీ. ఆ లోయలో దారి మరీ ఇరుకు. రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగులుతాయి. పైనుంచి జల్లించిన పిండిలా ఇసుక రాలుతుంటుంది కాబట్టి, లోపల లెన్స్ మార్చకూడదు. మారిస్తే కెమెరా గతి అంతే. అందుకని రెండు కెమెరాలు. దూరానివి తీసేది ఆయన చేతిలో, వెడల్పుగా తీసేది ఆమె మెడలో. "వెడల్పుది" అని ఆయన చెయ్యి చాపగానే అందివ్వాలి. ఆయన ఎత్తుగా ఉన్న బండెక్కి స్టాండు సర్దుకుంటుంటే, ఆమె కింద మలుపు దగ్గర కూచుంది. ఎదురుగా గోడ మీద తలుపంత వెలుతురు పడింది. రాతి పగుల్లోంచి ఎండిపోయిన వేరొకటి వేలాడుతోంది. దాని నీడ దానికి మూడింతలుంది. గాలి వీచినప్పుడల్లా ఆ నీడ గోడంతా తడుముతోంది, పిచ్చిదానిలా.

కళ్లార్పకుండా చూడటం ఆమెకి కొత్త కాదు, ఇరవై ఏళ్ల ఉద్యోగం అదే. మెళ్లో కెమెరా ఎత్తి కంటికి ఆనించింది, తొందరపడలేదు. నీడ వెళ్లి వెలుతురు అంచుని తాకేదాకా ఆగి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారి నొక్కింది. ఒకే ఒక్కసారి.

మధ్యాహ్నం లోయ బయట టికెట్ల గదిలో కూచుని, ఆయన రెండు కెమెరాల ఫొటోలూ ల్యాప్‌టాప్‌లో గైడమ్మకి చూపించాడు. గైడమ్మంటే అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఎండకి మొహం కందిపోయి, మాట మాత్రం కరకరలాడుతూ ఉంటుంది. "ఆగండాగండి!" అని ఆ వేరు ఫొటో దగ్గర ఆపేసింది. "పాతికేళ్లుగా పడి తిరుగుతున్నా ఇక్కడ, ఈ వేరు నా కంటపడనే లేదు. ఈ గది గోడకి పెట్టుకుంటాను, ఇస్తారా? కింద మీ పేరు రాయిస్తా."

"దానికేం భాగ్యం!" అన్నాడు ఆయన. పేరు చెప్పాడు. గైడమ్మ జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి పెన్సిల్‌తో రాసుకుంది. రాసుకుని, "అన్నిట్లోనూ మీ ఆవిడ నీలం జాకెట్లో ఉన్నారు. దీన్లో లేరే?" అంది.

"తప్పుకోమని చెప్పి ఉంటాను" అన్నాడు ఆయన.

అబద్ధం ఆడినా బాగుండేది. అబద్ధమైతే, తీసింది ఆమె అని కనీసం ఆయనకైనా తెలిసుండేది. ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. ఆమె ఎదురుగా ఉన్న రొట్టెముక్క మీద వెన్న అంచులదాకా రాస్తూ కూచుంది.

గెస్ట్‌హౌస్‌కి నడుస్తున్నప్పుడు చెప్పింది. "ఆ వేరు ఫొటో నేను తీశానండీ."

"నువ్వా?" అని ఆగి, నవ్వాడు. "సరే, నువ్వే నొక్కావనుకో. కెమెరా ఎవరిది? సెట్టింగులు పెట్టిచ్చింది ఎవరు? మెళ్లో వేసుకుని మోశావు, మధ్యలో ఓసారి నొక్కావు. దానికింత రాద్ధాంతమా? ఇప్పుడు ఆవిడ దగ్గరికెళ్లి అయ్యో నాది కాదని చెప్తే నా పరువేం కావాలి?"

"అయితే నా పేరు రాయించరా?"

"పేరేంటే బాబూ, మనిద్దరిదీ ఒకటేగా!"

ఒకటే అయితే అన్నిసార్లూ అది ఆయనదే ఎందుకవుతోందో ఆమె అడగలేదు. ఆ సాయంత్రం ఆయన సాక్సులు ఉతికి ఆరేసింది. ఉతుకుతున్నంతసేపూ ఆ వేరే కళ్లలో మెదిలింది. ఇంట్లో ఇన్నేళ్లుగా తోమిన గిన్నెలూ ఉతికిన బట్టలూ పోతే పోయాయి, వాటి కింద ఎవరూ పేరు రాయరు. కానీ ఇది ఆమె చూసింది. ఇది కూడా పోతే, తను ఈ లోయకి వచ్చినట్టు నీలం చుక్క తప్ప ఇంకేం మిగలదు. రేపు పొద్దున ఆ నోటుపుస్తకంలో పేరు మారకపోతే, ఎల్లుండికి అది గోడెక్కుతుంది.

ఆ పొద్దునే ఇది. గుడ్లు, రొట్టెలు, జాకెట్. గైడమ్మ వాళ్లిద్దర్నీ లోయ చివరికి, మూడు గోడలు ఒకచోట కలిసే దగ్గరికి తీసుకెళ్లింది. "పదకొండుంబావుకి వెలుతురు సరిగ్గా నడిమధ్యకి దిగుతుంది. ఏడు నిమిషాలుంటుంది, అంతే. అరిచి గీపెట్టినా ఎనిమిదోది రాదు" అంది. ఆయన ఈ ఏడు నిమిషాల కోసమే ఇంతదూరం వచ్చింది. స్టాండు పాతి, కెమెరా బిగించి, గడియారం చూసుకున్నాడు. "ఊఁ, జాకెట్ వేసుకుని వెళ్లు. ఆ రాతిగుండు పక్కన."

ఆమె జాకెట్ తీసింది. వేసుకోలేదు.

"అమ్మా," అంది గైడమ్మతో, "నిన్న మీరు రాసుకున్న పేరు తప్పండీ. ఆ ఫొటోలో నేను లేనేంటని అడిగారు కదా. నేను కెమెరా వెనక ఉన్నాను."

గైడమ్మ ఒకసారి ఆయన్ని చూసింది, ఒకసారి ఆమెని చూసింది. నోటుపుస్తకం తీసి, పాత పేరు మీద గీత కొట్టి, "ఊఁ, చెప్పండి" అంది. ఆమె తన పేరు చెప్పింది. భర్త పేరు తగిలించకుండా, నిదానంగా, ల్యాబ్‌లో సీసా మీద చీటీ అంటించేటప్పుడు చదివినంత స్పష్టంగా చెప్పింది.

"ఇప్పుడా ఈ పంచాయితీ!" ఆయన మొహం జేవురించింది. "వెలుతురొచ్చేస్తోంది. ఇంటికెళ్లాక మాట్లాడదాం, ముందెళ్లి నిలబడు!"

నిజంగానే వచ్చేసింది. పైన పగుల్లోంచి జారి, బంగారంలా నేలకి దిగుతోంది. ఆమె చూసింది. ఆ గుండు పక్కన నిలబడితే ఇదంతా వీపు వెనక జరిగిపోతుంది. పదకొండేళ్లుగా అలాగే జరిగింది.

జాకెట్ ఆయన చేతిలో పెట్టింది. "ఈసారి మీరు వెళ్లండి."

"నేనా? పిచ్చా నీకు?"

"ఆరు నిమిషాలే ఉంది" అంది గైడమ్మ, గడియారం చూస్తూ, ఎవరితోనూ కానట్టు.

ఆయన వెలుతురు వంక చూశాడు. గైడమ్మ వంక చూశాడు. గొడవ పెట్టుకుంటే ఫొటో పోతుంది, మనిషి లేకపోతే ఫొటోకి కొలత పోతుంది. ఆ లెక్క ఆమెకి నేర్పింది ఆయనే. ఏదో గొణుక్కుంటూ చేతులు దూర్చాడు. జాకెట్ భుజాల దగ్గర పట్టేసింది, దాని చేతులు మోచేతుల కిందికి రామని మొరాయించాయి. అలాగే వెళ్లి గుండు పక్కన నిలబడ్డాడు. అక్కడ ఎంత చిన్నగా ఉన్నాడో!

ఆమె కెమెరాకి కన్ను ఆనించింది.

"ఇక్కడేనా?" అని అరిచాడు.

"కొంచెం ఎడమకి. ఇంకొంచెం. చాలు."

"మొహం ఎటు పెట్టను?"

"అటు తిరగండి" అంది. "మొహం అక్కర్లేదు."