ప్రూఫుల్లో దొరికిన మనిషి

నాకు జీతం ఇచ్చేదే అనుమానపడినందుకు. కగురజాకా వాలులో మా ప్రచురణ సంస్థ నాలుగో అంతస్తులో కూర్చుని, అచ్చుకు వెళ్లబోయే నవలల ప్రూఫులు చదువుతాను. నలభయ్యో పేజీలో బల్ల మీద ఐదు గుడ్లుండి, రెండు తిన్నాక నాలుగు మిగిలితే, మార్జిన్‌లో పెన్సిల్‌తో "ఒకటి ఎక్కువైందా?" అని రాస్తాను. ఆ తేదీన, ఆ వేళకి, ఆ ఊళ్లో చంద్రుడు కనపడతాడా లేదా అని లెక్కలు తీసి చూస్తాను. నచ్చకపోతే రచయిత చెరిపేసుకోవచ్చు, అందుకే పెన్సిల్. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఈ మినెగిషి సత్సుకి చేతిలో, అంటే నా చేతిలో, పడితే దేవుడి జాతకంలోనూ తప్పు దొరుకుతుందని పక్క బల్ల హిబినో అంటుంటాడు.

కిందటి మార్చిలో ఉదగావా నోబు కొత్త నవల నా బల్ల మీదికి వచ్చింది. ఆవిడకి అరవై దాటాయి. పదిహేనేళ్లుగా ఆవిడ పుస్తకాలన్నీ నేనే చూస్తున్నాను. అన్నీ "నేను" అనే మొదలవుతాయి. మా సాహిత్యంలో దీనికి వందేళ్లు దాటిన వంశం ఉంది. తన సిగ్గుమాలినతనాన్ని, పెళ్లాం జబ్బుని, పక్కింటామెతో సంబంధాన్ని ఉన్నదున్నట్టు అచ్చేసి, అదే నిజాయితీ అని పేరు తెచ్చుకున్న పెద్దల వంశం. చదివేవాళ్లూ అలాగే తయారయ్యారు. "నేను" కనపడితే చాలు, రచయిత ఇంటి కిటికీలోంచి తొంగిచూస్తున్నామనుకుంటారు. వాళ్లని చూసి నేను నవ్వుకునేదాన్ని.

మూడో అధ్యాయానికి వచ్చేసరికి నా నవ్వు ఆగిపోయింది. అందులో "నేను" హచినొహే రేవుకి వెళ్లి, పెళ్లయిన ఒక మగవాణ్ణి కలుసుకుంటూ ఉంటుంది. అతను రేవుల్లో చేపల శీతల గిడ్డంగుల యంత్రాలు బాగుచేస్తాడు. మా ఆయన కోహేయి చేసేదీ అదే. సరే, ఆ పని చేసేవాళ్లు దేశంలో వేలమంది. కానీ ఆ మనిషి గదిలోకి వచ్చీ రాగానే, పలకరించేలోపే, తడిసిన బూట్లలో పాత పేపరు కుక్కుతాడు. ఊరవేసిన ప్లమ్ పండు తిని, గింజని బుగ్గన పెట్టుకుని రైలొచ్చేదాకా అలాగే ఉంచుకుంటాడు. నారింజని అడుగునుంచి ఒకే చుట్టుగా ఒలుస్తాడు. ఆ తొక్క చుట్టుని మా వంటింటి బల్ల మీంచి ఎన్నిసార్లు తీసి పారేశానో నాకే తెలుసు.

"ఏంటి మినెగిషిగారూ, ఇరవై నిమిషాలుగా అదే పేజీ. అంత పెద్ద తప్పా?" అన్నాడు హిబినో.

"ఈవిడ రాసేదంతా నిజమేనంటావా?"

"మీరా ఈ మాట అడిగేది? కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెప్పేది మీరేగా, 'నేను' అంటే రచయిత కాదు అని."

"నిప్పు లేనిదే పొగ రాదు కదా."

"ఇంతకీ పొగ ఎవరింట్లో?" అని నవ్వాడు. నేను నవ్వలేదు.

ఇంటికెళ్లి పాత గోడ క్యాలెండర్లు తీశాను. మా ఆయన ఊళ్లు వెళ్లిన తేదీలన్నీ వాటి మీద గుర్తుపెట్టి ఉంటాయి. నవలలో ఐదు తేదీలున్నాయి. రెండు కలిశాయి. ఆఫీసులో అయితే "మూడు కలవలేదు" అని రాసేదాన్ని. ఇప్పుడు ఆ రెండే కళ్లముందు ఆడాయి. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. వారం రోజులు ఆయన చొక్కాలు ఉతికే ముందు వాసన చూశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చూశాను. చెమట తప్ప ఏమీ తగల్లేదు. ఏమీ తగలకపోతే ఎంత జాగ్రత్తపరుడో అనుకున్నాను. పందొమ్మిదేళ్ల కాపురం నాది. అది ఉందో పోయిందో తెలియకుండా ఆ ప్రూఫుల్లో ఇంకో పేజీ తిప్పడం నావల్ల కాలేదు.

ప్రూఫులు చదివేవాళ్లు రచయిత గడప తొక్కకూడదు. ఏ సందేహమైనా ఎడిటర్ చేతుల మీదుగా వెళ్లాల్సిందే. తెలిస్తే నా ఉద్యోగానికే ఎసరు. అయినా శనివారం మధ్యాహ్నం నిషి-ఒగికుబో స్టేషన్లో దిగి, వట్టి చేతులతో వెళ్లకూడదని ఒక బిస్కెట్ల పెట్టె కొని, ఉదగావాగారింటి గంట నొక్కాను. ఆవిడే తలుపు తీసింది. పొట్టి మనిషి, మోచేతుల దగ్గర పల్చబడ్డ స్వెట్టరు. నా పేరు చెప్పగానే ముఖం విప్పారింది.

"పెన్సిల్ మినెగిషిగారా! రండి రండి. పదిహేనేళ్లుగా మీ దస్తూరీతో కాపురం చేస్తున్నా, మనిషిని చూడ్డం ఇవాళే."

ఆ చనువు చూసి నాకు ఒళ్లు మండింది. టీ ముట్టుకోకుండానే అడిగేశాను.

"ఉదగావాగారూ, హచినొహే మనిషి ఎవరు?"

"మీకు తెలియదా?"

"తెలుసు. మీ నోట విందామని వచ్చాను."

ఆవిడ లోపలికెళ్లి ఒక అట్టపెట్టె మోసుకొచ్చింది. నిండా పాత ప్రూఫుల నకళ్లు, నేను చూసిన ఆరు పుస్తకాలవి.

"చదవండి. ఎర్ర సిరా నాది, పెన్సిల్ మీది."

చదివాను. "తడి బూట్లు అలాగే వదిలేస్తాడా? మా ఆయనైతే పలకరించే ముందే పేపరు కుక్కుతాడు." పక్కన ఎర్ర సిరాతో, "మీ ఆయనదే గెలుపు. మార్చాను." ఇంకో పుస్తకంలో, "నారింజ తొక్క ముక్కలుగానే రావాలని లేదు. మా ఇంట్లో అడుగునుంచి ఒకే చుట్టుగా వస్తుంది." గిడ్డంగి యంత్రాల చప్పుడు గురించి, బుగ్గన గింజ గురించి, అన్నీ నా చేతి రాతే. సందేహాలు రాయమని జీతమిస్తే సంసారం రాసిపెట్టాను. ఒక్కటీ గుర్తులేదు.

"మరి తేదీలు?"

"క్యాలెండరూ, రైళ్ల పట్టికా ముందేసుకుని పెట్టాను. లేకపోతే మీరు పట్టుకుంటారుగా."

"హచినొహే?"

"ఇంతవరకు వెళ్లలేదు. పేరు బాగుందని పెట్టా."

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. నుదురు చాపకి ఆనేలా వంగి క్షమాపణ చెప్పుకున్నాను. లేస్తూ లేస్తూ, ఉండబట్టలేక అడిగాను. "అలాంటి మనిషికి ఇంకో ఆడదాన్ని ఎందుకు అంటగట్టారు?"

ఆవిడ నకళ్లని మళ్లీ పెట్టెలో సర్దుతూ చెప్పింది. "మీరు రాసినవన్నీ ఒకచోట పెట్టుకుని చదివాను. ఆయన తింటాడు, తొక్క ఒలుస్తాడు, బూట్లు ఆరబెట్టుకుంటాడు, ఊళ్లు తిరుగుతాడు. ఇన్నేళ్లలో మీతో ఒక్క మాట అన్నట్టు లేదు. మనిషన్నాక మాటలు ఎక్కడో ఒకచోట వాడాలి కదా అనిపించింది. నవల కోసమే సుమా, మనసులో పెట్టుకోకండి."

"ఆయన తక్కువ మాట్లాడతాడు లెండి, స్వభావమే అంత," అన్నాను.

కొండంత బరువు దిగిపోయి ఇంటికొచ్చాను. మా ఆయనకి ఇష్టమని కానగంత చేప కాల్చాను. తింటుండగా మొదలుపెట్టాను, ఒక నవలలో పెళ్లయిన మగవాడు రేవులో ఒకావిడని కలుస్తుంటాడనీ, ఆ మనిషి అచ్చంగా నువ్వేననీ. ఆయన నమలడం ఆపాడు.

"ఎవరు రాశారు? ఆవిడకి ఎవరు చెప్పారు?"

"నేనే," అని పెన్సిల్ రాతల సంగతంతా చెప్పాను, చొక్కాలు వాసన చూసిన సంగతితో సహా. "హచినొహే అన్న ఊరు కూడా ఆవిడ ఊరికే పెట్టిందట. అంతా కల్పితం. నీ మీద ఎంత అనుమానపడ్డానో, నన్ను కొట్టినా పాపం లేదు."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గట్టిగా ఊపిరి వదిలాడు.

"అంటే ఆవిడకేమీ తెలియదన్నమాట."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం నా బల్ల ముందే, నా అన్నం తింటూ జరిగింది. ఆ మాటని మనసులో ఇంకోసారి చదువుకున్నాను. నేను దిద్దడానికి అందులో తప్పేమీ లేదు.

"తెలియడానికి ఏముంది?" అన్నాను.

ఆయన చాప్‌స్టిక్స్ గిన్నె మీద పెట్టాడు.

"ఏ ఊరు?" అని అడిగాను.

"కెసెన్నుమా రేవు."

"ఎవరు?"

అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ పేరు, ఆవిడ నడిపే హోటలు, ఆవిడకి వచ్చే కోపం, తనని చూసి ఆవిడ ఏమేం అని నవ్వుతుందో. చేప చల్లారిపోయింది. మా పందొమ్మిదేళ్ల కాపురంలో మొట్టమొదటిసారి, మా ఆయన నాతో గంటసేపు మాట్లాడాడు.