ప్రిస్కిల్లా డైరెక్షను

వంశధార పొంగి నరసన్నపేట చుట్టూ వరిపొలాలన్నీ మునిగిన ఏడు, నవంబరులో ఈ సంగతి జరిగింది. లైబ్రరీ వాళ్లు ఫోనుతో తీసే చిన్న సినిమాల పోటీ పెట్టారు. మన దేశంలో మొదట్లో సినిమా తీసిన ఒకాయన జీవితం మీద తియ్యాలని మా తమ్ముడు ఎజ్రా పూనుకున్నాడు. రిటైరైన మాస్టరు వాడు. మా చర్చి సంఘంలో ఆడా మగా కొందరిని మా అరుగు మీద కూర్చోబెట్టి ఆయన కథ చదివి వినిపిస్తున్నాడు. పెరట్లో మా ఇంటిది ప్రిస్కిల్లా వాళ్లందరి భోజనానికి చేపలు తోముతోంది.

ఆయన పడ్డ కష్టాలన్నీ ఎజ్రా గొంతు పెంచి చదివాడు. "పనిచేసే వాళ్లంతా ఆయనింట్లోనే ఉండేవారు. భార్య కూడా సహకరించారు" అని పేజీ తిప్పాడు.

ప్రిస్కిల్లా చేపల చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది.

"ఏటి సహకరించింది?"

"వండి పెట్టింది వదినా, అందరికీ."

"ఎంతమందికి?"

ఎజ్రా మళ్లీ పేజీ వెనక్కి తిప్పాడు. "అరవైమందికి తక్కువ కాదట. ఫిలిం కడగడంలోనూ ఆవిడ సెయ్యి ఉన్నాదట."

"మరి ఆవిడకి ఎవులు సహకరించేరు?"

"పులుసు సంగతి సూడు వదినా, ఆకలేస్తంది" అన్నాడు ఎజ్రా.

ఆ క్షణాన తన మనసులో ఏమేం తిరిగిందో ప్రిస్కిల్లా తర్వాత నాతో చెప్పింది. తను పనిచేసే హాస్టల్లో పిల్లలకి వండి, ఇంటికొచ్చి మాకు వండి, ఆదివారం విందంటే సంఘానికంతా వండి, చివర ప్రార్థనలో "వంటలో సహకరించిన సహోదరి" అనిపించుకున్న రోజులన్నీ వరసగా కళ్ల ముందుకొచ్చాయట. కొత్తకోడలిగా వచ్చినప్పుడు మా అమ్మ, "సినిమా పిచ్చి పుట్టింట్లో ఒగ్గీసి రా, ఇక్కడ పొయ్యి ఉన్నాది" అందట. సినిమా హాల్లో నా పక్కన కూర్చుని కూడా ఈ మనిషి హీరోని చూసేది కాదట. తెర మీద తల్లి ఏడుస్తూ పరుగెత్తుకొస్తే, వెనక పొయ్యి మీద అన్నం ఏమైందో కెమెరా ఎందుకు చూపించదా అనుకునేదట. నేనైతే ముందు మాడుతున్న గిన్నె చూపిస్తాను, ఆ తర్వాతే ఏడుపు, అనుకునేదట. గరిటె తిప్పుతూ ఇన్నేళ్లూ తలలో సినిమాలు తీస్తూనే ఉందన్నమాట.

చేతులు కడుక్కుని వచ్చి ఎజ్రా ఫోను అందుకుంది.

"నాను తీస్తాను. ఆవిడ కథ."

"మరి ఆయన?"

"ఉంటాడు. ఆ ఏషం నువ్వే ఎయ్యి. టీ అని కేకేస్తే సాలు. నీ సెయ్యి మట్టుకే కనిపిస్తాది."

అందరూ నవ్వారు. ఎజ్రా కూడా నవ్వాడు. ఆయన భార్య వేషం దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఆగాయి. మా ఆయన ఒప్పుకోరని ఒకరు, మావగారు తిడతారని ఒకరు, ఆడవాళ్లంతా తప్పుకున్నారు. ఆవిడే లేకపోతే ఇంక సినిమా ఏది?

"మానీ వదినా," అన్నాడు ఎజ్రా. "ఆ కాలంలోనైతే ఆడేషాలు కూడా మగోళ్లే ఏసీవోరు."

ప్రిస్కిల్లా నా వైపు తిరిగింది.

"మా అన్నా? ఆ బుర్రమీసంతోనా?" అన్నాడు ఎజ్రా.

"ఇన్నాళ్లు నా సేతి కూడు తిన్నాడు. గరిటి ఎలా పట్టాలో సూసే ఉంటాడు," అంది. "రేపు తొమ్మిదికి షూటింగు, మావా."

ఇంక ఎవరినీ బతిమాలలేదు. ఆ పూట పులుసు ఎజ్రా చేతే పెట్టించింది.

మర్నాడు తెల్లారగానే మంగలి జగన్నాధం షాపుకెళ్లి కుర్చీలో కూర్చున్నాను. మీసం తియ్యమంటే వాడు కత్తి పట్టుకుని ఆగిపోయాడు.

"ఎవులు పోయేరు మావా?"

"ఎవులూ పోలేదురా. మా డైరెక్టరు తియ్యమంది," అని గడ్డం పైకెత్తాను.