బీరమ్మకు అందిన అక్షరం

సీసపు అక్షరాలు పేర్చి పొద్దున్నే పురికొసతో కట్టిన పేజీని, అక్షరం సైజు కుదరక బుచ్చయ్య మళ్లీ విప్పుతున్నాడు. ఆ సీసం పట్టీ పట్టీ అతని వేళ్ల కొసలు నల్లబడ్డాయి. ఆ నలుపు ఏ సబ్బుకూ లొంగలేదు. పొట్టి మనిషి, వంగిన వీపు, మెడలో మాసిన తువ్వాలు. నల్గొండలోని ఆ చిన్న అచ్చాఫీసులో ఏళ్ల తరబడి పెళ్లిపత్రికలూ జాతర కాగితాలూ పేర్చాడు. పుస్తకం మాత్రం ఇదే మొదటిది. కొత్తగా చదువు నేర్చిన కాపరుల కోసం, గొర్రెల పెంపకం మీద.

"చిన్నక్షరం పెట్టు బుచ్చయ్యా. పెద్దది పెడితె పుస్తకం ఇటుక లెక్క అయితది" అన్నాడు యజమాని లింగయ్య.

"జర ఆగు సేటూ. ఇంట్ల సదివించి చూస్త."

ఇంట్లో చదివేది భార్య బీరమ్మ. కేతేపల్లిలో గొర్రెల మంద నడుమ పెరిగిన మనిషి. పోయిన చలికాలం తనకు దగ్గులో నెత్తురు పడ్డప్పటి నుంచి, తాను పోయేలోగా ఆమెతో ఒక్క పుస్తకమైనా చదివించాలని బుచ్చయ్య పంతం పట్టాడు. అరిగిపోయిన సీసపు అక్షరాలు తెచ్చి, చేటలో పేర్చి నేర్పాడు. చేటలో పెడితే ఆమె గడగడా చదివేది.

మధ్యాహ్నం మూడు సైజుల్లో అచ్చుతీసిన కాగితాలు ఆమె ముందు పరిచాడు. బీరమ్మ దగ్గర పెట్టుకుంది, దూరం పెట్టుకుంది, మొహం చిట్లించింది.

"గివేం అక్షరాలయ్యా? అన్నీ ఉల్టా ఉన్నయి."

బుచ్చయ్య నోరు తెరిచాడు. సీసంలో అక్షరం తిరగబడి ఉంటుందనీ, కాగితం మీద పడ్డాకే సరిగ్గా అవుతుందనీ, అలవాటులో పడి మరిచేపోయాడు. పెళ్లానికి చదువంతా తిరగేసి నేర్పిన ఘనుడు! ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. అతని నవ్వు దగ్గులోకి దిగింది. బీరమ్మ నవ్వు ఆపి అతని వీపు రాసింది.

కాగితం మీద మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఆ మూడు కాగితాలూ మళ్లీ పరిస్తే, చిన్నక్షరం దగ్గర ఆమె తల అడ్డంగా ఊపింది. నడిమిది కొంత నయం. పెద్దది కూడబలుక్కుని చదివింది గానీ, చూపు ఒక వరుసలోంచి ఇంకో వరుసలోకి జారిపోయింది.

"జొన్న సాళ్ల లెక్క, సాలుకు సాలుకు జర సందియ్యి. గప్పుడైతె తప్పిపోను."

"ఇస్తనే. నీకు అందితె అందరికీ అందుతది" అన్నాడు. ఆమె అంటే అతనికి ప్రాణం. ఆ మాట ఎన్నడూ చెప్పలేదు.

అచ్చాఫీసులో లింగయ్య గొణిగాడు గానీ కాదనలేదు. బుచ్చయ్య పెద్దక్షరమే పేర్చాడు. వరుసల నడుమ పల్చటి సీసపు బద్దలు దూర్చాడు. చివరకు పేజీ చుట్టూ పురికొస చుట్టి ముడివేశాడు.

"జర కూసుంట సేటూ" అని గోడకు ఆనుకున్నాడు. మళ్లీ లేవలేదు.

పొద్దు గూకుతున్నా అతను రాకపోయేసరికి బీరమ్మ వెతుక్కుంటూ వచ్చింది. లింగయ్య తలరుమాలు తీసి చేతపట్టుకుని గడపలో నిలబడి ఉన్నాడు. ఆమెకు అర్థమైంది. భర్త పక్కన కూర్చుని ఆ నల్లటి వేళ్లను చాలాసేపు నిమిరింది.

తర్వాత లేచి, అతను కట్టిన పేజీ ఉన్న రాతిబల్ల ముందు, రోజూ అతను నిలబడే చోటే నిలబడింది. సీసంలో ఒక్క అక్షరమూ ఆమెకు ఉల్టాగా లేదు. వేలుపెట్టి పైకే చదివింది.

"మందలో ఒకటి తప్పిపోతే... చీకటి పడకముందే... వెతకాలి."

బల్ల మీద పురికొసతో కట్టిన ఆ పేజీలో, వరుసకూ వరుసకూ నడుమ, ఆమె అడిగినంత సందు ఉంది.